పడవకి మూడు ముళ్లు

మా అమ్మాయికి నది లోతు కొలిచే పని దొరికింది. వంతెన కట్టేవాళ్ల కోసం చిన్న పడవలో నది మధ్యకు వెళ్లి, లంగరు వేసి, కొలతలు తీసుకోవాలి. ఇన్నాళ్లూ పక్కన ఇంకొకరుండేవారు. రేపు ఒక్కతే వెళ్తుంది. లంగరు తాడు తెగితే పడవ కొట్టుకుపోతుంది. కొంచెం దిగువకు పోతే అన్నీ బండరాళ్లే. అక్కడితో ఆలోచించడం ఆపేద్దామనుకుంటాను. ఆగదు.

కొత్త తాడు కొనడానికి నేనూ వెంట వెళ్లాను. కొట్లో నా మణికట్టంత లావున్నది చూపించాను.

“అది ఓడలకమ్మా,” అన్నాడు కొట్టాయన. “మీ పడవలో వేస్తే తాడు కూర్చుంటుంది, అమ్మాయి ఒడ్డున నిలబడాలి.”

అమ్మాయి నవ్వి, వేలంత లావున్న నైలాన్ తాడు తీసుకుంది. గట్టిగా లాగితే కాస్త సాగింది.

“సాగుతోందే! పాత ఎలాస్టిక్‌లా!” అన్నాను.

“సాగాలమ్మా,” అంది అమ్మాయి. “అల కుదిపినప్పుడు సాగకపోతేనే పుటుక్కుమనేది.”

ఆ పుటుక్కుమనే మాట ఇంటిదాకా నా చెవిలోనే ఉంది.

మధ్యాహ్నం అమ్మాయి పడవ కడగడానికి వెళ్లగానే తాడంతా జానెడు జానెడు తడిమి చూశాను. ఒకచోట తెల్లగా ఉంది. అరిగిపోయింది! బట్ట పలచబడినచోట నాలుగు కుట్లు ఎక్కువ వేస్తాం కదా. అక్కడే ముడి మీద ముడి, మూడు వేసి, గడపకు కాలు తన్నిపెట్టి బిగించాను. ప్రాణం కాస్త కుదుటపడింది.

అమ్మాయి వచ్చి చూసింది.

“మూడు ముళ్లు వేశావేంటమ్మా? పడవకి పెళ్లా?”

“అక్కడ అరిగింది తల్లీ.”

వేలితో రుద్దింది. తెలుపు వేలికి అంటుకుంది. కొట్టాయన కొలిచి పెట్టిన సుద్దగీత!

“పోనీలే, ముడి ఉంటే ఇంకా గట్టి కదా?” అన్నాను.

“కాదమ్మా. ముడి దగ్గర తాడు నలుగుతుంది. గట్టి లాగుడు పడితే ముందు అక్కడే తెగుతుంది.”

తెగుతుందని భయపడి, తెగే చోటు నేనే తయారుచేశాను. గరిటె కాడ దూర్చి, పళ్లతో పీకి, ఆ ముళ్లు విప్పేసరికి వేళ్లు బొబ్బలెక్కాయి. అమ్మాయి ఆ జాగాను వంచి, మెలితిప్పి చూసి, “ఏం కాలేదు, పీచు లేవలేదు” అంది. నేను ఇంకోసారి చూడమన్నాను. చూసింది.

పొద్దున్నే రేవులో నిలబడ్డాను. నది మధ్యలో లంగరు దిగింది. పడవ వెనక్కి జారింది, తాడు బిగిసింది, అల తగిలి సాగింది. ఆ తాడే మళ్లీ పడవను ముందుకు లాక్కుంది.

అమ్మాయి లేచి చేతులూపింది. “అమ్మా! చూశావా, నిలిచింది!”

“చూశాన్లే! ముందు నువ్వు కూర్చో!” అని అరిచాను.