ఊరు విడిచిన ఇల్లు

గుత్తి స్టేషను వీధిలోని బాడుగ ఇల్లు ఖాళీ చేసి వ్యానులో కాపురం పెడదామని కుళ్ళాయప్ప అన్ననాడు హనుమక్క పొయ్యి ముట్టించలేదు. ఎవరు మాత్రం ముట్టిస్తారు? నలుగురిలో బతికే సంసారులు చేసే పనా అది? ఊరూరూ తిరిగి గాజులమ్ముకునే వాడికి కూడా తిరిగి పోయి తల దాచుకోవడానికి ఒక కొట్టమంటూ ఉంటుంది.

"మేయ్, బాగా ఇను," అన్నాడు కుళ్ళాయప్ప. "ఇంటికి బాడుగ కట్టాల, బండికి డీజిలు పొయ్యాల. రెండూ నా వల్ల గాదు. ఇల్లు మనకు కూడు పెట్టదు. బండి పెడతాది."

మాట నిజమే. హనుమక్క కడుపుమంట కూడా అదే. ఆ బండి యుద్ధకాలం నాటి మిలిటరీ వ్యాను. దాన్ని వేలంలో కొని, వెనక భాగంలో ఆయిలింజనూ పిండి మిషనూ బిగించాడు కుళ్ళాయప్ప. ఆ ఏటి కరువు అంతా ఇంతా కాదు. రోడ్డు పనికి పోయిన కూలీలకు సర్కారు గోధుమలు కొలిచి ఇస్తోంది. కొర్రలూ జొన్నలూ విసిరే చేతులకు ఆ గోధుమలు లొంగడం లేదు. విసుర్రాయి దగ్గర ఆడవాళ్ళ రెక్కలు పడిపోతున్నాయి. అందుకని రోడ్డు పని ఏ పల్లెకు పోతే ఆ పల్లెకు మిషను పోవాలి. మిషనుతో మొగుడూ పోతాడు. ఆయన ఒక చోట, తానూ నాలుగేళ్ళ ఓబులమ్మా ఒక చోట, ఎన్నాళ్ళని?

చివరికి హనుమక్క సరేనంది. అయితే ఒక్క మాట గట్టిగా చెప్పింది. "వస్తా. గానీ దాన్ని బండి అంటే ఊరుకోను. అది ఇల్లు."

అన్నట్టే చేసింది. వ్యాను వెనక తలుపు కింది పలకకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి గడప చేసింది. పాలు పొంగించింది. ఇంజనుకూ పడకకూ నడుమ గోనెపట్టా కట్టింది. ఏ పల్లెలో ఆగినా తెల్లారేసరికి ఆ గడప ముందు ముగ్గు పడాల్సిందే. గోధుమల మూటతో వచ్చిన వాళ్ళెవరైనా "మిషను బండి" అన్నారా, "బండి గాదక్కా, మా ఇల్లు" అని మొహం మీదే దిద్దేది. ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ, ఆమెకేం?

శ్రావణం వెళ్ళిపోతున్నా చినుకు రాలని ఆ రోజుల్లో ఆ ఇల్లు కంబదూరు దాపున ఒక పల్లెలో, చావడి ముందు మొరాయించింది. క్లచ్ ప్లేటు కాలిపోయిందనీ, గుత్తికి పోయి వేరేది తెస్తాననీ, రేపీపాటికి ఈడ ఉంటాననీ చెప్పి కుళ్ళాయప్ప బస్సెక్కాడు. రేపు పోయింది, ఎల్లుండి పోయింది, మనిషి జాడ లేదు. ఇంతలో ఓబులమ్మకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి, మొహమంతా ఎర్రగా తట్టు లేచింది.

అమ్మవారు పోసింది. హనుమక్క తలుపుకు వేపమండలు కట్టి, బిడ్డను చీకట్లో పడుకోబెట్టింది. అమ్మవారు ఉన్నన్నాళ్ళు బిడ్డకు ఎండ తగలకూడదు, ఎదురుగాలి తగలకూడదు, గడప దాటించకూడదు. గుత్తికి తిరిగి పోదామంటే ఆ ఇంట్లో అప్పుడే వేరేవాళ్ళు చేరారు. ఆ బిడ్డ తల మీద ఉన్న నీడల్లా ఇప్పుడు ఆ వ్యాను రేకు ఒక్కటే.

సరిగ్గా ఆ సాయంత్రమే ఊరి పెద్ద తిప్పయ్య నలుగురు మగవాళ్ళను వెంటబెట్టుకొని వచ్చాడు. వేపమండలు చూసి దూరంగానే నిలబడ్డాడు.

"అమ్మాయ్, రేపు ఊరు ఇడుస్తాండాము," అన్నాడు.

వానలు మొండికేసిన ఏట ఆ పల్లెలో ఉన్న పద్ధతి అది. పొద్దు పొడవక ముందే మనుషులూ గొడ్లూ కోళ్ళూ అన్నీ ఊరు దాటిపోవాలి. ఏ ఇంట్లోనూ నిప్పు ఉండకూడదు, ప్రాణి ఉండకూడదు. ఊరి చివర ఎండిపోయిన వంక దాటి, ఆ వాగు అవతలి గట్టున వండుకొని తిని, చుక్క పొడిచాక తిరిగి రావాలి. ఒక్క ఇంట్లో ఒక్క ప్రాణి మిగిలినా వాన రాదని వాళ్ళ నమ్మకం.

"మేము ఈ ఊరోళ్ళం గాదు గదా పెద్దాయనా. మాకెందుకు?"

"మీరు గాకపోయినా మీ ఇల్లు ఊర్లో ఉండాది గదమ్మా."

"ఇల్లేంది? ఇది బండి." ఆ మాట తన నోటివెంటే వచ్చినందుకు హనుమక్క ప్రాణం చచ్చిపోయింది.

తిప్పయ్య నవ్వలేదు. "ఊర్లో ఆడోళ్ళందరికీ ఇల్లని చెప్పింది నువ్వే. గడప పెట్టినావు, ముగ్గేసినావు. ఇప్పుడొచ్చి బండంటే ఎట్ల తల్లీ?"

"బిడ్డకు అమ్మవారు పోసింది. గడప దాటించమంటావా? నీ మనవరాలైతే దాటిస్తావా? నువ్వే చెప్పు."

అటు చూస్తే ఊరి కట్టుబాటు, ఇటు చూస్తే అమ్మవారు. రెండింటిలో దేన్నీ కాదనే ధైర్యం తిప్పయ్యకు లేదు. "పొద్దున చూద్దాంలే," అని గొణిగి వెనుదిరిగాడు. ఆయన వెంట వచ్చిన మగవాళ్ళ మొహాలు మాత్రం హనుమక్క చూసింది. కళ్ళంలో గింజ చూసి ఎన్నాళ్ళో అయిన మొహాలవి. వాళ్ళు ఊరుకునేటట్టు లేరు.

ఊరుకోలేదు కూడా. తూరుపు తెల్లబడేసరికి ఊళ్ళో పొయ్యిలన్నీ ఆర్పేశారు. గొడ్లను తోలుకుపోయారు. కోళ్ళను గంపల కింద మూసి నెత్తికెత్తుకున్నారు. చివరికి చావడి ముందు వ్యాను ఒక్కటే మిగిలితే, దాని చుట్టూ జనం మూగారు.

"దుప్పట్లో చుట్టి ఎత్తుకొస్తే సరిపాయ గదా!"

"ఎవురో దావన పోయేటోళ్ళ కోసం మేము ఎండిపోవాల్నా?"

ఒకడు తలుపు మీద చెయ్యి వేశాడు. హనుమక్క ఇంజను తిప్పే ఇనుప రాడ్డు అందుకొని తలుపుకు అడ్డం నిలబడింది. "గడప మీద కాలు పెట్టినోని కాలు ఇరగ్గొడతా. ఆడదాన్ని, ఒక్కదాన్నే ఉండానని చూస్తాండారేమో! రాండి చూద్దాం." లోపలి నుంచి ఓబులమ్మ సన్నగా మూలుగుతోంది. తూర్పున ఎరుపు ఎక్కుతోంది. పొద్దు పొడిచిందంటే ఇంక ఆ జనాన్ని ఆపే నాథుడు లేడు.

అప్పుడు నోరు తెరిచింది ఆంజినమ్మ. రోజూ గోధుమలు తెచ్చి, పిండి పట్టించుకొని, కాసేపు కూర్చొని పోయే ముసలమ్మ ఆమె.

"ఏమప్పా, మీకు బుద్ధుండాదా? బిడ్డ గడప దాటకూడదు. ఇల్లు ఊరు దాటాల. అంతే గదా? ఆ ఇంటికి చక్రాలుండాయి గదప్పా! బిడ్డను ఇంట్లోనే ఉండనిచ్చి ఇంటినే లాగండి!"

మరుక్షణం బండ్లకు కట్టే మోకులు వచ్చిపడ్డాయి. కొన్ని ముందు కట్టారు, పల్లంలో వెనక్కి పట్టడానికి కొన్ని వెనక కట్టారు. అంతా అయ్యాక తిప్పయ్య అన్నాడు, "మరి ఆ చక్రం ఎవురు పట్టుకుంటారు?"

ఎడ్లను తోలిన చేతులే గాని స్టీరింగు పట్టిన చెయ్యి ఆ ఊళ్ళో ఒక్కటీ లేదు. హనుమక్క రాడ్డు కింద పడేసి, కొంగు బిగించి డ్రైవరు సీట్లోకి ఎక్కింది. మొగుడి పక్కన కూర్చొని చూడటమే గాని ఆమె ఏనాడూ తోలి ఎరగదు. బ్రేకు ఏదో తెలుసు. ఒక్క తొక్కుకు పట్టదనీ, దాన్ని తిట్టుకుంటూ టపటపా తొక్కితే గాని పట్టదనీ కూడా తెలుసు.

వ్యాను కదిలింది. ఊరి చివరి దాకా బాగానే పోయింది. అక్కడి నుంచి దారి ఒక్కసారిగా వంకలోకి దిగుతుంది. పొలిమేర రాయి ఆ పల్లం అంచునే ఉంది. ఇంజనూ తిరగటి రాళ్ళూ మోస్తున్న వ్యాను, మనుషులు పట్టుకుంటే ఆగుతుందా? ముందు లాగేవాళ్ళు పక్కలకు దూకారు. వెనక మోకు ఒకటి ఫట్టున తెగింది. మిగతావి చేతులు కోసుకుపోతుంటే వదిలేశారు.

"అమ్మా!" అని లోపల బిడ్డ కేక పెట్టింది.

హనుమక్క బ్రేకు తొక్కింది. కాలు నేలకు ఆనింది గాని పట్టు దొరకలేదు. "నీ దినం గాను, పట్టవే!" అంటూ మళ్ళీ తొక్కింది, మళ్ళీ తొక్కింది. పొలిమేర రాయి పక్క నుంచి దూసుకుపోయింది. కళ్ళ ముందు వంక అంతా గిర్రున తిరిగింది. బ్రేకు పట్టిందో, ఇసుకే పట్టిందో ఆమెకు తెలియదు. వ్యాను వంక నడుమ ఇరుసుల దాకా ఇసుకలో దిగబడి ఆగిపోయింది.

గట్టు మీద జనం ఈలలు వేశారు. తిప్పయ్య వ్యాను ముందు టెంకాయ కొట్టి దండం పెట్టాడు. హనుమక్క గోనెపట్టా తొలగించుకొని లోపలికి పోయి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. దెబ్బలేమీ తగల్లేదు. అప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకు. బిడ్డ నెత్తిన చెయ్యి వేసి, తనివితీరా ఏడ్చింది.

పొద్దెక్కింది. అవతలి గట్టున పొయ్యిలు వెలిగాయి. ఆంజినమ్మ చల్లటి అంబలి తెచ్చి ఇచ్చింది. మధ్యాహ్నం తిరిగేసరికి బిడ్డ ఒళ్ళు కాస్త చల్లబడింది. రెండు గుక్కలు తాగి, "నాయన వచ్చినాడా?" అని అడిగింది. హనుమక్క మనసు కొంచెం కుదుటపడింది. కుదుటపడ్డాక గాని తన ఇల్లు ఎక్కడ నిలబడి ఉందో ఆమెకు తట్టలేదు. వంక నడుమ! అదీ ఊరంతా వాన కోసం మొక్కుతున్న రోజు!

"పెద్దాయనా, ఇంటిని గట్టు మీదికి లాగించండి," అని అరిచింది.

"రేపు లాగుదాం తల్లీ, అందరూ అలిసిపోయినారు," అన్నాడు తిప్పయ్య చెట్టు నీడలోంచి. "ఈ వంకలో నీళ్ళు చూసి ఎన్నాళ్ళయింది? నీకేం భయం లేదు, పడుకో."

ఆమెకు నిద్ర ఎలా పడుతుంది? తలుపు సందులోంచి ఆకాశం చూస్తూ కూర్చుంది. పడమట మైసూరు కొండల మీద ఒక నల్లటి మొయిలు లేచింది. చూస్తుండగానే అది పెరిగింది. గట్టు మీద జనం లేచి నిలబడి చేతులు చాచారు. మొక్కినవాళ్ళు మొక్కుతుంటే, ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు. హనుమక్క మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుంది. "వద్దు తల్లీ, ఈ ఒక్కరోజు వద్దు," అనుకుంది. చినుకు కోసం ఎండల్లో పొర్లు దండాలు పెట్టిన అమ్మానాన్నల బిడ్డ ఆమె. వాన రావద్దని మొక్కడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఆ పాపపు మాటకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా మళ్ళీ అదే మొక్కుకుంది.

కొండల మీద ఉరిమింది. మెరుపులు కనిపించాయి. వంక దగ్గర మాత్రం ఒక్క చినుకు లేదు. చల్లటి గాలీ తడిమట్టి వాసనా వచ్చాయంతే. జనం కేకలు వేస్తూ ఎగురుతున్నారు. అందులో ఆంజినమ్మ ఒక్కతే ఎగరడం మానేసి ఎగువకు చూసింది.

"ఏమప్పా, కొండలో పడిన నీళ్ళు యాడికి వస్తాయి? ఈ వంకకే గదా! మోకులు తీసుకొని పరిగెత్తండి, మీ ఎగురుడు బండలు గాను!"

అప్పుడు తెలివి వచ్చింది అందరికీ. పొద్దున లాగినవాళ్ళే ఉరుక్కుంటూ దిగి భుజాలు పెట్టారు. చేతులు కోసుకున్నవాళ్ళు కూడా మోకు పట్టారు. తిప్పయ్య వయసు మరిచి చేతులతో ఇసుక తోడాడు. వ్యాను ఊగింది, జానెడు కదిలింది, మళ్ళీ దిగబడింది. "రాళ్ళు దింపండి! బరువు దింపండి!" అని ఎవరో అరిచారు. ఆ అరుపు పూర్తికాక ముందే ఎగువన హోరు వినిపించింది.

నురుగూ కంపా చెత్తా ముందు తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు వంక మలుపు తిరిగాయి.

"బిడ్డను తీసుకొని దిగు!" తిప్పయ్య గడప ముందు చేతులు చాచి నిలబడ్డాడు.

హనుమక్క బిడ్డను దుప్పట్లో చుట్టి ఎత్తుకుంది. పసుపు గడప దగ్గర ఆమె కాలు ఒక్క క్షణం ఆడలేదు. "తప్పు కాయి తల్లీ," అని దాటేసింది. ముసలాయన ఆమె రెక్క పట్టుకొని ఈడ్చుకుంటూ అవతలి గట్టు ఎక్కించాడు. మోకాళ్ళ దాకా తడిసి అందరూ బయటపడ్డారు, ఒక్క ప్రాణి పోలేదు.

నీళ్ళు గట్లు ఒరుసుకొని పారుతున్నాయి. వాళ్ళు వదిలి వచ్చిన ఒడ్డున ఊరు చీకటిగా, ఖాళీగా ఉంది. నీళ్ళు తగ్గేదాకా అక్కడికి ఎవరూ పోలేరు. ఆ పూట ఆ గట్టు మీద ఇల్లున్నవాడు ఒక్కడూ లేడు. అయితే నీళ్ళు తీస్తే వాళ్ళ ఇళ్ళు వాళ్ళకు ఉంటాయి. మొక్కు తీరిన ఊరు సంబరం చేసుకోవాలి, కాని హనుమక్క మొహం చూసి ఒక్కరూ ఎగరలేదు. తిప్పయ్య తలపాగా విప్పి బిడ్డకు గాలి తగలకుండా అడ్డం పట్టుకున్నాడు. ఆంజినమ్మ హనుమక్క వీపు మీద చెయ్యి వేసింది.

వ్యాను మొదట పక్కకు ఒరిగింది. తర్వాత ఇసుక వదిలి, మెల్లగా తిరిగి, దారి తెలిసినట్టే దిగువకు సాగింది.

ఓబులమ్మ దుప్పట్లోంచి తల బయటపెట్టింది. ఆ బిడ్డకు ఇల్లు కదలడం కొత్త కాదు. ఎన్ని ఊళ్ళకు పోలేదు ఆ ఇంట్లో?

"అమ్మా, మనిల్లు మనల్ని ఇడిసిపెట్టి పోతాండాది," అంది. "నాయన తోలుతాండాడా?"

హనుమక్క బిడ్డ తలను తన మెడకు అదుముకుంది.

"ఊ," అంది.