మొదటి గంట

మా గుడి గంట రైలు పట్టా ముక్క. అందులో సిగ్గుపడాల్సిందేముంది? మంచిర్యాల నుంచి బొగ్గు బావుల మీదికి చీలిన లైనులో చివరి స్టేషన్ మాది. నా పెనిమిటి తోమాసు ఆ లైను మీద గ్యాంగుమన్. అరిగిన పట్టాలు మార్చినప్పుడు పై వాళ్ళను అడిగి, గజం ముక్క తెచ్చి, స్టేషన్ వెనకున్న మా రేకుల ఏసు గుడి ముందు వేలాడదీశాడు. ఆదివారం పొద్దున్నే సుత్తితో దాన్ని కొట్టేది నేనే. నేను కొట్టానంటే వాగు అవతలి పల్లెల్లో కోళ్ళు కూడా లేవాల్సిందే!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు మాకు కొత్త స్టేషన్ మాస్టరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. కోటు మీద దుమ్ము వాలితే చాలు, ఊరంతా తనమీద పడ్డట్టు దులుపుకునేవాడు. స్టేషన్‌కూ ఒక పట్టా గంట ఉంది గానీ అది జానెడే. బండి దగ్గరికొచ్చాక కొడతారు.

"ఏమ్మా రిబ్కమ్మా, ఒక్క ఊళ్ళో రెండు పట్టా గంటలేంటి?" అన్నాడొకరోజు. "నువ్వు కొట్టగానే జనమంతా టికెట్ కిటికీ మీద పడతారు. బండి రావడానికేమో ఇంకా బోలెడంత టైముంటుంది. ఒకటే గోల!"

"నేను దేవునికి కొడుతున్న సారూ, మీ బండికి కాదు" అన్నాను. నేనెందుకు తగ్గుతాను?

ఆదివారాల్లో మాత్రం బొగ్గు బండికి ఒక మనుషుల బోగీ తగిలించేవారు. పొద్దున పోయి మాపటికి తిరిగొచ్చేది. అది లేకపోతే మంచిర్యాల అంగడికి అడవిలో నడకే. నా బిడ్డ దెబోరా మంచిర్యాలలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవులకు వచ్చినా పోయినా ఆ బోగీలోనే. దానిలో జనం ఎక్కుతున్నారో లేదో చూసి, లేకపోతే తీసేయడానికి పై అధికారి వచ్చే ఆదివారం వస్తున్నాడని కబురొచ్చింది. ఆ బోగీ పోతే నా బిడ్డ చదువూ పోయినట్టే.

శనివారం మాస్టరు తోమాసును పిలిచి, "పెద్దసారు ముందు ఈ గందరగోళం వద్దు, ఆ గంట దించెయ్" అన్నాడు. నా మొగుడు నోట్లో నాలుక లేని మనిషి. తోటి గ్యాంగుమన్ మొండయ్యను తోడు పిలుచుకుని, పట్టాను లావుపాటి బొంగుకు వేలాడగట్టి, మోసుకుపోయి ప్లాట్‌ఫారం చివర పెట్టేశాడు.

"నౌకరి ఉండాల్నా, గంట ఉండాల్నా? నువ్వే చెప్పు" అన్నాడు ఇంటికొచ్చి.

"గంట దించినోనికి ఇయ్యాల గంజి సుత పొయ్య!" అన్నాను. పోయలేదు కూడా.

ఆదివారం పొద్దున, సెలవులైపోయి హాస్టలుకు తిరిగిపోతున్న దెబోరా పెట్టె తోమాసు నెత్తిన పెట్టి స్టేషన్‌కు పోయాం. ప్లాట్‌ఫారం మీద ఉడికిన శనగ గుడాలమ్మే మల్లక్క తప్ప పురుగు లేదు. మాస్టరు చివరిదాకా పోతున్నాడు, వస్తున్నాడు.

"ఎవ్వలు రాలేదేంది మల్లక్కా?"

"ఎట్లొస్తరే?" అని మల్లక్క నా మీదే లేచింది. "నీ గంట ఇనే గదా వాగవతలోళ్ళు ఇండ్లల్లకెళ్ళి ఎల్లేది! ఆళ్ళకేమన్న గడియారాలున్నయా? గంట కొట్టకపాయె. బండి లేదనుకున్నరు."

వాగవతలి వాళ్ళకు నా గంట ఒక్కటే గుర్తని ఇన్నేళ్ళూ కొట్టిన నాకే తెలియదు! మాస్టరు విన్నాడు. ఖాళీ టికెట్ కిటికీ వైపు చూశాడు. అంతలో లోపల టెలిఫోను మోగింది. బండి ముందటి స్టేషన్ దాటిందట.

"ఏందయ్యా చూస్తున్నవ్, ముందు కొన ఎత్తు" అన్నాను తోమాసుతో. వెనక కొనకు మొండయ్య లేడు, లైను మీదికి పోయాడు. మాస్టరు వైపు తిరిగాను. "సారూ, జర భుజం పెట్టుండ్రి."

ఆయన తన కోటు చూసుకున్నాడు. పెట్టె పక్కన నిలబడ్డ నా బిడ్డను చూశాడు. వంగి, బొంగు భుజానికెత్తుకున్నాడు. పట్టా ఇద్దరి మధ్యా గాలిలోకి లేచింది. నేను స్టేషన్ గంట సుత్తి అందుకున్నాను. నా జన్మలో ఎన్నడూ అంత గట్టిగా కొట్టలేదు. దెబ్బ దెబ్బకూ మాస్టరు కళ్ళు మూసుకుంటున్నాడు. ముందు కుక్కలు మొరిగాయి. తర్వాత వాగు గట్టు మీద ఒక ఎర్ర రుమాలు కనపడింది. ఆ వెనక మిరపకాయల గంపలు, కోళ్ళ బుట్టలు, చంకల్లో పిల్లలు, పరుగే పరుగు!

బండి వచ్చి ఆగేసరికి ప్లాట్‌ఫారం నిండిపోయింది. అధికారి కిటికీలోంచి తల బయటపెట్టాడు. కోటు నిండా తుప్పుతో, భుజాన బొంగుతో మాస్టరు అలాగే నిలబడి ఉన్నాడు.

"ఏంటయ్యా ఇది?"

"మా మొదటి గంట సార్" అన్నాడు మాస్టరు. "రెండోది లోపలుంది."

కోళ్ళ బుట్టకు చోటివ్వడానికి అధికారి లేచి నిలబడాల్సి వచ్చింది. బోగీ ఎవరూ తీయలేదు. దెబోరా చదువు ఆగలేదు.

ఆ సాయంత్రం పట్టాను మళ్ళీ గుడికి మోసింది తోమాసూ, మాస్టరూనే. అలవాటు లేని భుజం, పాపం, మాస్టరు రొప్పుతూనే అడిగాడు. "బండి కోసం కూడా కొడితే మీ దేవుడేమీ అనుకోడు కదా?"

"ఇన్నేండ్లసంది కొడుతనే ఉన్న గద సారూ" అన్నాను. "అనుకునేటోడైతే ఎప్పుడో అనుకుంటుండె."