వర్నా చేతికి సరిపోయిన తుపాకీ

కొడుక్కి భయపడి తుపాకీ కొనుక్కుంటున్నానని వర్నా టాకెట్ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళతో, కొండవార ఒంటరి ఇల్లు, ఈ మధ్య దొంగతనాలు ఎక్కువయ్యాయి కదా అనేది. అందులో అబద్ధమేమీ లేదు. ఆ లోయలో మత్తుమందు పుణ్యమా అని గడ్డికోసే యంత్రం దగ్గర్నుంచి రాగి తీగ దాకా ఏదీ ఆరుబయట ఉంచడానికి వీల్లేకుండా పోయింది.

కాని మార్చిలో ఆమె వంటింటి తలుపు బద్దలుకొట్టుకుని వచ్చినవాడు బయటి దొంగ కాదు. కొడుకు కోల్బీ. కలప మిల్లులో దుంగ మీదపడి నడుం దెబ్బతిన్నప్పుడు డాక్టరు రాసిన నొప్పి మాత్రలతో మొదలైంది వాడి పతనం. మాత్రలు దొరకనప్పుడు వాటికంటే చవకవి, వాటికంటే చెడ్డవి దొరికాయి. ఆ రోజు వాడు చనిపోయిన తండ్రి చేతిగడియారం కోసం వచ్చాడు. ఇవ్వనని వర్నా అలమారకి అడ్డం నిలబడింది. వాడు ఆమె కుడి మణికట్టు పట్టుకుని మెలితిప్పి పక్కకి లాగాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. వాడు ఒక్క క్షణం ఆగి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత గడియారం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆస్పత్రిలో మెట్లమీద పడ్డానని చెప్పింది వర్నా. నిజం తెలిసింది అక్క ఇమోజీన్‌కి ఒక్కదానికే.

"పోలీసులకి చెప్పవు. నా ఇంటికి రమ్మంటే రావు. రెండో చెయ్యి కూడా విరగ్గొట్టేదాకా కూర్చుంటావా?" అని రోజూ సతాయించేది ఇమోజీన్.

"వాడు మంచివాడే అక్కా."

"ఎవరు కాదన్నారు? ఆ మంచివాడు ఒంట్లో లేనప్పుడు వాడి మొహం తగిలించుకుని ఇంకోడు వస్తున్నాడే, వాడి సంగతే నేననేది."

కట్టు విప్పాక, వాన పడుతున్న ఒక శనివారం ఉదయం, అక్కాచెల్లెళ్ళిద్దరూ ఓడెల్ స్టంబో దుకాణానికి వెళ్ళారు. ఓడెల్ బొగ్గు గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము చేరాక పైకొచ్చి తుపాకులమ్ముకుంటున్న మనిషి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతాడు. అందుకే అనవసరంగా మాట్లాడడు.

"ఇంట్లో ఉంచుకోవడానికా, ఒంటిమీద పెట్టుకు తిరగడానికా?"

"తిరగడానికే," అంది ఇమోజీన్.

"నిన్నడగలేదు ఇమోజీన్."

"తిరగడానికే," అంది వర్నా. "పైకి కనబడకూడదు."

ఇమోజీన్ అప్పటికే అద్దాల బల్ల మీద వేలు పెట్టి ఒక బుల్లి రివాల్వర్‌ని చూపిస్తోంది. "ఇది చూడవే, ఎంత ముద్దుగా ఉందో. కోటు జేబులో వేసుకుంటే నీకే తెలీదు."

"ముద్దుగానే ఉంటుంది. పేలిస్తే గాడిదలా తంతుంది," అన్నాడు ఓడెల్. "తుపాకీ ఎంత తేలికైతే చేతికి దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. ఒకసారి పేల్చి, జన్మలో మళ్ళీ ముట్టుకోరు. ముట్టుకోని తుపాకీ ఎందుకు?"

అయినా చేతికిచ్చి చూడమన్నాడు. తూటాలు లేవని తెరిచి చూపించి మరీ ఇచ్చాడు. వర్నా ట్రిగ్గర్ మీట నొక్కబోతే వేలు సగం దాకా వచ్చి ఆగిపోయింది. గట్టిగా నొక్కితే తుపాకీ మూతి పక్కకి తిరిగిపోయింది. ఓడెల్ తల అడ్డంగా ఊపి, ఒక పిస్టల్ తీశాడు. దీని మీట మెత్తన, కాని పేల్చేముందు పైభాగాన్ని వెనక్కి లాగాలి. వర్నా లాగింది. అతికీ అతకని ఎముక కలుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చేతికేమైంది?"

"మెట్లమీద పడ్డాను."

ఓడెల్ ఆ మణికట్టు వైపు కాసేపు చూశాడు. వెనక గదిలోంచి మరొకటి తెచ్చాడు. మొదటిదానికంటే కాస్త పెద్దది, బరువైనది.

"దీని స్ప్రింగు మెత్తన. లాగకు. పైభాగాన్ని ఎడమచేత్తో కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో పిడిని ముందుకు తొయ్యి."

తోసింది. కదిలింది. పిడి అరచేతిలో ఒదిగిపోయింది. తన చేతికి ఇంత చక్కగా సరిపోయిన వస్తువు వంటగరిటె తర్వాత ఇదేననిపించింది వర్నాకి. ఆ ఊళ్ళో బడిపిల్లలకి వండిపెట్టే ఉద్యోగం ఆమెది. ఆ పోలిక మనసులోకి వచ్చినందుకు ఆమెకి సిగ్గేసింది.

"ఇది నడుముకి పెట్టుకుంటే గౌన్ల కింద ఉబ్బెత్తుగా కనబడుతుంది," అంది ఇమోజీన్.

"సంచీలో పెట్టుకుంటా."

"సంచీ అయితే దాని అర దానికే," అన్నాడు ఓడెల్. "తాళాలూ దువ్వెనా అందులో పడెయ్యకూడదు. మీటని కప్పి ఉంచే ఒర ఉండాలి. ఇమోజీన్ సంచీలా మిఠాయి కాగితాల మధ్య కాదు."

"నా సంచీ జోలికి రాకు."

"ఇంకో మాట." ఓడెల్ ఊపిరి తీసుకున్నాడు. ఈసారి చాలాసేపు పట్టింది. "ఎవరి మీద దీన్ని పేల్చలేవో ఆ మనిషి ముందు బయటికి తియ్యకు. తీసి ఆగిపోయావంటే, వాడి చేతికి ఇచ్చినట్టే."

వర్నా తల ఊపింది. ఎవరి మీదనీ అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

దుకాణం వెనక రేకుల షెడ్డులో కాల్చి చూడ్డానికి చోటుంది. గోడకి మనిషి ఆకారంలో నల్ల కాగితం కట్టారు. వెడల్పాటి భుజాలు. మొహం లేదు. "నీకు భయమేసేవాడు అక్కడ నిలబడ్డాడనుకో," అని వెనకనుంచి అంది ఇమోజీన్. అనకపోతే బాగుండేది. వర్నా ఆ మొహం లేనిదాన్నే చూస్తూ, అందులో ఎవరినీ రానివ్వకుండా, తుపాకీ ఖాళీ అయ్యేదాకా పేల్చింది. తూటాలన్నీ గుండె చుట్టూ పిడికిలంత మేర తగిలాయి.

"అబ్బో, మొదటిసారి ఇలా కొట్టినవాళ్ళని నేను చూళ్ళేదు," అన్నాడు ఓడెల్.

ఇంటికి వెళ్ళేదారిలో వర్నా బండి ఆపించి, తలుపు తీసి, రోడ్డు పక్క కంకరలోకి వాంతి చేసుకుంది. ఇమోజీన్ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

నెలలు అలా గడిచాయి. తుపాకీ ఎక్కడికి వెళ్ళినా వెంట ఉండేది, బడిలోకి తప్ప. బడి దగ్గర బండిలోనే పెట్టి తాళం వేసేది. చర్చిలో పాట పాడేటప్పుడు సంచీ ఒళ్ళో ఉండేది. ఎవరైనా కౌగలించుకోబోతే ముందు సంచీ పక్కకి జరిపేది. పక్కింటి పాప చాక్లెట్ కోసం సంచీలో చెయ్యి పెట్టబోతే ఆ చిట్టి చేతిని పట్టుకుని లాగేసింది. పాప బెదిరి ఏడ్చింది. ఆ తర్వాత ఆ పాప వాళ్ళు రావడం తగ్గించారు. రాత్రుళ్ళు మాత్రం వర్నాకి నిద్ర పడుతోంది. అదీ నిజమే.

అక్టోబరులో, పట్టపగలు, సరుకుల దుకాణం ముందు బళ్ళు నిలిపే చోట కోల్బీ కనిపించాడు. నెలల తర్వాత. దవడలు లోపలికి పీక్కుపోయాయి. తండ్రి పాత కోటు భుజాలమీంచి జారుతోంది.

"అమ్మా."

"కోల్బీ."

"ఏం అడగడానికి రాలేదు. ఒహాయోలో ఒక చర్చివాళ్ళు మత్తు మాన్పించే ఇల్లు నడుపుతున్నారు. రమ్మన్నారు. బస్సు దాకా దింపుతావేమోనని."

ఇలాంటి మాట ఆమె ఇంతకు ముందూ విన్నది. నమ్మి తీసుకెళ్ళింది, సగం దారిలో వాడు దిగిపోయాడు. ఇప్పుడు సరుకుల సంచీని చంకలోకి బిగించుకుంది. అప్పుడే ఆమె చంకలోని కాగితం సంచీ అడుగు చిరిగి బంగాళదుంపలూ బీన్స్ డబ్బాలూ జారాయి. పట్టుకుందామని కోల్బీ ఒక్క అంగలో ముందుకొచ్చాడు.

వర్నా వెనక్కి తగ్గింది. ఆమె కుడిచెయ్యి భుజాన ఉన్న సంచీలోకి, ఆ అరలోకి వెళ్ళిపోయింది. తాను పంపలేదు. అదే వెళ్ళింది.

డబ్బాలు దొర్లుకుంటూ బళ్ళ కిందికి పోయాయి. కోల్బీ వంగినవాడు వంగినట్టే ఆగి, ఆమె చేతిని చూశాడు. ఆ లోయలో పుట్టినవాడు. సంచీలో అలా ఆగిన చేతికి అర్థం వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నా కోసమేనా?"

వర్నా చెయ్యి బయటికి తీద్దామనుకుంది. రాలేదు.

"మంచి పని చేశావమ్మా," అన్నాడు వాడు. వెటకారం లేదు. చిన్నప్పుడు పళ్ళెం కడిగిపెట్టి, పని అయిందని చెప్పినప్పటి గొంతు. తర్వాత మోకాళ్ళమీద కూర్చుని దుంపలన్నీ ఏరాడు. బండి కిందికి చెయ్యి చాచి డబ్బాలు తీశాడు. అన్నిటినీ ఆమె బండి వెనక పెట్టి, ఆమెకి దూరంగా చుట్టుతిరిగి, రోడ్డెక్కి వెళ్ళిపోయాడు. పిలిస్తే వినబడేంత దూరంలో చాలాసేపే ఉన్నాడు.

చలికాలమంతా కబురు లేదు. ఫిబ్రవరిలో ఇమోజీన్ చెప్పింది, వాడు నిజంగానే ఒహాయో వెళ్ళాడట, లారీవాళ్ళని బతిమాలుకుంటూ. మత్తు మానేశాడట. కోళ్ళ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడట. "నాకు ఫోన్ చేశాడు. నీకు చెయ్యడానికి మొహం చెల్లట్లేదంటున్నాడు."

"మొహం చెల్లనిది నాకు," అంది వర్నా.

ఈస్టర్‌కి ముందు ఆమెకే ఫోన్ వచ్చింది. వాతావరణం మాట్లాడుకున్నారు. నడుం నొప్పి ఎలా ఉందని ఆమె అడిగింది. చెయ్యి ఎలా ఉందని వాడు అడిగాడు.

"బాగానే ఉంది. పండక్కి రారాదూ."

"వస్తాలే. బయల్దేరేముందు ఫోన్ చేస్తా. ఇంటి ముందుకొచ్చాక మళ్ళీ చేస్తా. చెప్పకుండా లోపలికి రానులే అమ్మా."

నీ ఇంటికి నువ్వు రావడానికి ఫోనెందుకురా అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వంటింటి తలుపుకి వేయించిన కొత్త గొళ్ళేలకేసి చూస్తూ నిలబడింది.

"సరే," అంది వర్నా. "ఫోన్ చేసే రా."