బంకమట్టి మీద గీత

రబ్బరు వాసన. కొత్త రబ్బరు వాసన. మిట్టమధ్యాహ్నం షెడ్డంతా అదే.

నేల మీద రెండు జతల ముందు చక్రాలు. ఒక జత సన్నవి — నూట అరవై అయిదు మిల్లీమీటర్ల వెడల్పు. బండి పుట్టినప్పటి కొలత. ఇంకో జత వెడల్పువి — రెండు వందల అయిదు. నాన్న ముప్ఫయ్యేళ్లుగా మనసు పడ్డ కొలత.

మధ్యలో, జాకీల మీద, రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు.

కూతురు అటు తిరుగుతుంది. ఇటు తిరుగుతుంది. కాలు ఒకచోట నిలవదు.

"మీ నాన్నకి నా పుట్టినరోజు గుర్తుండదు గానీ, ఆ టైరు కొలత నిద్రలో లేపి అడిగినా చెప్తారు" అని అమ్మ దెప్పుతూ ఉంటుంది. నిజమే మరి! అర అంగుళం కోసం ఎంతమందితో పోట్లాడాడని! టైర్ల కొట్టాయనతో, పెయింటరుతో, పదహారేళ్లుగా పక్కనే పనిచేస్తున్న ఈ కన్నకూతురితో.

ఏడు నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. లేచాడు. నడిచాడు. బండి నడపొచ్చన్నాడు డాక్టరు. కానీ ఎడమ చెయ్యి...

ఎడమ చెయ్యి మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి గది తలుపు ఎందుకు వేసుకుంటాడో అందరికీ తెలుసు. తెలియనట్టే ఉంటారు.

రేపు పొద్దున బండి బయటికి తీస్తాడట. వెడల్పు టైర్లతోనే తీస్తాడట.

వెడల్పు టైరు నేలని వదలదు. ఈ బండికి పవర్ స్టీరింగ్ లేదు. మెల్లగా పోతూ మలుపు తిప్పాలంటే రెండు చేతులూ కావాలి. రెండూ — గట్టిగా.

చెప్తే? "నాన్నా, నీ చెయ్యి..." అంటే చాలు. ఈ జన్మలో మళ్లీ బండి ముట్టుకోడు. అంత రోషం.

చెప్పకపోతే? మొదటి మలుపు. ఎదురుగా గోడ.

అమ్మో... తలుచుకుంటేనే భయం వేసింది.

"మట్టి పెట్టి చూశావా? తగులుతోందా?" ఇంట్లోంచి నాన్న గొంతు.

ఆయన నేర్పిన పద్ధతే. మడ్‌గార్డు లోపలి అంచుకి బంకమట్టి ముద్ద అంటించాలి. చక్రం బిగించి, దాని కింద ఇంకో జాకీ పెట్టి బండి బరువు పడేదాకా ఎత్తి, స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాలి. టైరు తగిలితే మట్టి మీద గీత పడుతుంది. గీత పడితే ఆ టైరు వెయ్యకూడదు.

వెడల్పు చక్రం బిగించింది. ఎత్తింది. తిప్పింది. చూసింది.

మట్టి చెక్కుచెదరలేదు. వేలెడు ఖాళీ.

ఛ! ఎంత చక్కగా సరిపోయిందో, పాపిష్టి చక్రం!

గుమ్మంలో చెప్పుల చప్పుడు. ఆమె బొటనవేలు మట్టి మీద బర్రున గీసేసింది.

నాన్న వచ్చాడు. వంగాడు. టార్చి వేశాడు. చూశాడు... చాలాసేపు చూశాడు.

టైరు గీతకీ బొటనవేలి గీతకీ తేడా తెలియని మనిషా? గోరు గుర్తు కూడా కనబడుతోంది. ఇప్పుడు అరుస్తాడు. స్పానరు విసిరికొడతాడు. నాకే పాఠాలు చెప్తావా అంటాడు. అననీ! అరవనీ!

"తగులుతోందమ్మా" అన్నాడు నాన్న.



"సన్నవే వేసెయ్."

అంతే. టార్చి ఆర్పి, స్టూలు మీద కూర్చున్నాడు. అర అంగుళానికి కూడా పోట్లాడలేదు.

ఆమె సన్న చక్రం ఎత్తింది. ఒక నట్టు. రెండో నట్టు. ఒక్క మాటైనా అనొచ్చుగా నాన్నా, ఒక్క తిట్టయినా తిట్టొచ్చుగా... మూడో నట్టు.

"రేపు నువ్వు కూడా రా" అన్నాడాయన.

"పక్క సీట్లోకేగా నాన్నా? నడిపేది నువ్వేగా?"

నాన్న ఆమె వైపు చూడలేదు.

"పక్క సీట్లోకేగా?" మళ్లీ అడిగింది.

నాలుగో నట్టు చేతిలో పట్టుకుని, జవాబు కోసం, అలాగే కూర్చుంది.