ఇరుగు, పొరుగు, మురుగు

ఆ వెంచరు పేరు సందడి నగర్. నందిగామ దాటి వీరులపాడు రోడ్డు మీద కొంత దూరం వెళ్ళి కుడిపక్కకి తిరిగితే వస్తుంది. సందులున్నాయి, సందడి లేదు. రాజధాని వస్తుందన్న ఊపులో ప్లాట్లు కొన్నవాళ్ళు హద్దులకి రాళ్ళు పాతి వెళ్ళారు. రాళ్ళున్నాయి, వాళ్ళు లేరు. ఇల్లంటూ కట్టింది సుబ్బరాయుడొక్కడే. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలో రిటైరై, మనం ముందు వెళ్తే ఊరే వెనకాల వస్తుందని భార్యకి నచ్చజెప్పి మరీ కట్టాడు. ఊరు రాలేదు. రెండేళ్ళ కింద ఆవిడా పోయింది. ఇప్పుడాయనకి ఇరుగు లేదు, పొరుగు లేదు. ఉన్నదల్లా ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకులో మురుగు.

అలాంటివాడి చెవిన, మునిసిపాలిటీ భూగర్భ డ్రైనేజీని ఊరి బయటికి పొడిగిస్తోందన్న కబురు పడింది. మురుగు లైనొస్తే ఇళ్ళొస్తాయి, ఇళ్ళొస్తే మనుషులొస్తారు. ఆశకి ఆమాత్రం వాలు దొరికితే చాలు, పారుతుంది. ఆఫీసుకి వెళ్ళి ఇంజనీరమ్మాయి రాజ్యశ్రీ ముందు కూర్చున్నాడు.

"పైపు వెయ్యడం పెద్ద పనేం కాదంకుల్," అంది రాజ్యశ్రీ. "కానీ వాలొక్కటే ఉంటే చాలదు, వాడేవాళ్ళుండాలి. మీ ఒక్కరి నీళ్ళకి అందులో ఏదీ కదలదు. ఎక్కడిదక్కడే గడ్డకట్టుకుపోతుంది."

"నా సంగతీ అంతేనమ్మా," అన్నాడు సుబ్బరాయుడు.

ఆ అమ్మాయి నవ్వింది. ఎవరైనా ఆయన మాటకి నవ్వి చాలా కాలమైంది. "సోమవారం వచ్చి చూస్తా. జనం కదలిక కనబడితే లైను లోపలికి తిప్పుతాం. లేదంటే మెయిన్ రోడ్డు మీదే ఆపేస్తాం," అంది.

జనాన్ని ఎక్కణ్ణుంచి తేవడం? ఆదివారమంతా ఆలోచించాడు. ఆ చుట్టుపక్కల వాకిట్లో ముగ్గు పడిందంటే లోపల మనుషులున్నట్టే. ఇంట్లో మనిషి పోతేనే ముగ్గాగేది. సోమవారం తెల్లవారక ముందే లేచి, ఖాళీ ప్లాట్ల ముందు చిమ్మి, కళ్ళాపి చల్లి, బజార్లో కొన్న ముగ్గు గొట్టాన్ని దొర్లించుకుంటూ పోయాడు. ఇల్లే లేనిచోట ముగ్గేమిటని ఆయనకి తట్టలేదు. మాట్లాడే మనిషి లేనివాడికి అడ్డుచెప్పే మనిషీ ఉండడు.

ముందుగా ఆ ముగ్గులు ప్లాట్ల బ్రోకరు సతీష్‌బాబు కంట పడ్డాయి. బండి ఆపి ఫొటోలు తీసి, ఓనర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "మన ప్లాట్లలో ఎవరో కాపురాలు పెట్టారు. వెంటనే రండి."

పదింటికల్లా కార్లు దుమ్ము రేపుకుంటూ దిగాయి. అన్నేళ్ళుగా ఇటు తొంగిచూడనివాళ్ళు బెజవాడ నుంచి, కంచికచర్ల నుంచి, కీసర నుంచి పరిగెత్తుకొచ్చారు.

"ఎవడయ్యా నా ప్లాట్లో కాపురం పెట్టింది?" అని మీదికొచ్చాడు బెజవాడ జగన్నాథరావు.

"కాపురం కాదండీ, ఉత్త ముగ్గేనండీ. నేనే వేశా."

"ఇవాళ ముగ్గు, రేపు మంచం, ఎల్లుండి కరెంటు మీటరు! మాకు తెలీదా?"

"అన్నయ్యగారూ, మీ వయసుకి ఇదేం పనండీ?" అంది కీసర నుంచి వచ్చిన జహనారా. "మేం బంగారం అమ్మి కొనుక్కున్న స్థలమండీ ఇది."

తిట్లు పడుతున్నాయి. సుబ్బరాయుడు మాత్రం తలంటుకి కూర్చున్నవాడిలా సుఖంగా నిలబడ్డాడు. చుట్టూ మనుషులు! పిల్లలు రాళ్ళెక్కి దూకుతున్నారు. వంటింట్లోకి పరిగెత్తి టీ పెట్టాడు. తిడుతూనే తాగారు. ఆ మైదానంలో మరుగంటూ ఉన్నది ఆయన ఇంట్లోనే గనక, ఒకరి తర్వాత ఒకరు బాత్రూమ్ ముందు వరస కట్టారు. "అటేనమ్మా, నీళ్ళున్నాయి, మొహమాటపడకండి," అంటూ పెళ్ళిపెద్దలా తిరిగాడు.

మధ్యాహ్నం జీపు దిగిన రాజ్యశ్రీ మొహం విచ్చుకుంది. "అబ్బో, ఇంతమందున్నారా అంకుల్! ఏమండీ, ఇక్కడెవరెవరు ఉంటారు?"

సర్కారు మనిషి అడగ్గానే జగన్నాథరావు గొంతు పెంచాడు. "ఎవరుంటారమ్మా? పురుగు కూడా ఉండదు! ఇవన్నీ ఖాళీ స్థలాలు. అలాగే రాసుకోండి."

"మా దాంట్లో కూడా ఎవరూ లేరండీ," అంది జహనారా.

"ఒక్కరూ లేరు!" అన్నారు తతిమ్మావాళ్ళంతా.

"అయ్యా, ఆగండి," సుబ్బరాయుడు చేతులడ్డం పెట్టాడు. "డ్రైనేజీ లైను కోసమండీ. వస్తే మీకే..."

"ఇప్పుడు లైనంటున్నావా? లైను తప్పింది నువ్వయ్యా!" అన్నాడు జగన్నాథరావు.

రాజ్యశ్రీ అందరినీ చూసింది, ముగ్గుల్ని చూసింది. ఆమెకి అర్థమైంది. "ఇంతమంది ఎదురుగా నిలబడి లేమంటుంటే, ఉన్నారని నేనెలా రాయనంకుల్? లైను రోడ్డు మీదే ఆగుతుంది." జీపెక్కబోతూ వెనక్కి తిరిగింది. "అన్ని చోట్లా వేశారుగా, మీ వాకిట్లో వెయ్యలేదేం?"

"పిండి అయిపోయిందమ్మా," అన్నాడు సుబ్బరాయుడు.

సాయంత్రానికల్లా కూలీలొచ్చి స్తంభాలు పాతారు, ముళ్ళకంచె బిగించారు. ఆయన ఇంటికి మూడు వైపులా కంచె, నాలుగో వైపు దారి. కార్లు ఒక్కటొక్కటే వెళ్ళిపోయాయి. దుమ్ము ఆయనొక్కడి కోసమే కాసేపు లేచి, అదీ అణిగిపోయింది.

దీపాల వేళ బాత్రూమ్‌లోకి వెళ్తే నీళ్ళు వెనక్కి తన్నాయి. ట్యాంకు నిండింది. నందిగామలో మురుగు తోడే ట్యాంకరు నడిపే ప్రేమానందానికి ఫోన్ చేశాడు.

"అప్పుడే ఎలా నిండిందండీ? ఉండేది మీరొక్కరేగా?"

"ఇవాళ ఇల్లు కిటకిటలాడిందయ్యా."

"చుట్టాలా? ఉన్నారా ఇంకా?"

"వెళ్ళిపోయారు. నువ్వెంతమందితో వస్తావు?"

"నేనూ, క్లీనరూనండీ. పొద్దున్నే వచ్చేస్తాం. అరగంట పని."

"అరగంటలో ఎక్కడవుతుందయ్యా," అన్నాడు సుబ్బరాయుడు. "పొద్దంతా పడుతుంది. లోతెక్కువ."