మంచు ఉంటేనే చెప్పే కథ

ప్రతి జూలైలోలాగే ఆ ఉదయం కూడా సూర్యకుమారి మరిగే నీళ్ల గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. కెనడాలో, ఎటోబికోలోని వాళ్లింటి వెనక ఓ మంచుగుట్ట ఉంది. భర్త అమరేశ్వరరావు రిటైరైన ఏడాది డ్రైవ్‌వే మీది మంచును పారతో ఎత్తి అక్కడ పోశాడు. అది మరి కరగలేదు. మండుటెండలోనూ నడుమెత్తు ఉంటుంది. పొరుగువాళ్లు దాన్ని చూస్తూనే, గడ్డి ఎప్పుడు కోయిస్తారని అడుగుతారు.

"పెరట్లో ఎండొచ్చే చోటు ఇదొక్కటే. గోంగూర ఎక్కడ వేసుకోను, నా నెత్తినా?" అంది సూర్యకుమారి.

"వేడినీళ్లు వేస్ట్ చెయ్యకు. కరిగేదైతే ఎప్పుడో కరిగేది," అన్నాడు అమరేశ్వరరావు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

అంతలో బేస్‌మెంట్‌లో డప్పు మొదలైంది. అక్కడ అద్దెకున్న కోడీ ఓజిబ్వే అనే ఆదివాసీ తెగవాడు. తాతల నాటి భాషను ర్యాప్‌లో పెట్టి పాడతాడు. ఆ పాటలు పాడుకుంటూ వాళ్ల పిల్లలు మళ్లీ ఆ మాటలు పలుకుతున్నారు. బాగానే ఉంది గానీ, ఈ కొత్త పాట మాత్రం నెలల తరబడి ఒకే చోట ఆగుతోంది. మళ్లీ మొదటికి. వినేవాళ్లకి తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయినట్టుంటుంది.

సూర్యకుమారి గిన్నెతోనే మెట్లు దిగింది. "కోడీ, ఆ పాట పూర్తన్నా చెయ్యి, లేదా వదిలెయ్యి నాయనా!"

"మిగతాది నాకు తెలీదు ఆంటీ. మా అమ్మమ్మకే తెలుసు. ఈ పాటలోది చలికాలం కథ. నేల మీద మంచు ఉంటేనే చెప్పాలి, మావాళ్ల పద్ధతి అది. ఎంత బతిమాలినా నోరు విప్పదు." అతని గొంతు తగ్గింది. "నెలకు మించి ఉండదని, చలికాలం చూడదని డాక్టర్లు చెప్పేశారు. ఆవిడతోనే కథా పోతుంది."

సూర్యకుమారికి ఒళ్లు మండింది. "పెరట్లో అంత మంచు పెట్టుకుని, ఈ మాట ఇన్నాళ్లూ చెప్పవేం? తీసుకురా ఆవిణ్ణి!"

మర్నాడు ఆగ్నెస్ గారు వీల్‌చెయిర్లో వచ్చారు. పాదాలు గుట్టకు ఆనించి, "మంచే," అని ఒప్పుకున్నారు. సాయంత్రం దాకా తన భాషలో కథ చెప్పారు. కోడీ అంతా రికార్డ్ చేశాడు. చివర్లో ఆవిడ ఏదో అడిగితే తెల్లమొహం వేశాడు. పాటల కోసం బట్టీపట్టిన ముక్కలు తప్ప అతనికి ఆ భాష రాదు.

"ఇంతసేపూ ఎవరికి చెప్పాన్రా?" అని ఆవిడ ఇంగ్లిషులో కసిరి, కళ్లు తుడుచుకున్నారు. చిన్నప్పుడు, తెగల పిల్లల చేత సొంత భాష మాన్పించే సర్కారు బోర్డింగ్ స్కూల్లో, ఆ భాష మాట్లాడినందుకు తన్నులు తిన్నారు. ఆ భయంతో కూతురికి నేర్పలేదు.

టీ తెచ్చిన సూర్యకుమారి కప్పు ఆవిడ చేతికిచ్చింది. తెలుగులో ఏం అడిగినా ఇంగ్లిషులోనే బదులిచ్చే మనవరాలు ఇషిత గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

"రేపు మళ్లీ తీసుకురా," అన్నారు ఆగ్నెస్ గారు మనవడితో. "మాట మాటకీ అర్థం చెప్తాను. అది తెలీకుండా పాడావో, ఊరుకోను."

రోజూ వచ్చారు. డాక్టర్లు చెప్పిన గడువు ఆగస్టులో దాటిపోయింది. సెప్టెంబర్ నాటికి వాళ్లు ఆశ్చర్యపోవడమూ మానేశారు. ఆవిడకి చావడానికి తీరికేదీ? కోడీ ఒక మాట నేర్చుకుంటే రెండు మర్చిపోతున్నాడు.

నవంబర్లో ఊరంతా మంచు పడింది. సూర్యకుమారి కిటికీ తెరిచి అరిచింది. "ఇంకా అక్కడే ఎందుకండీ? ఇక మీ ఇంట్లో కూర్చునే చెప్పుకోవచ్చు!"

"ఉండమ్మా," అన్నారు ఆగ్నెస్ గారు విసుగ్గా. "కథలో వీడింకా ఎలుగుబంటి గుహే దాటలేదు."