కాటాబా పై దారి

కారు ముక్కు మీద బిగించాల్సిన ‘కాటాబా’ అక్షరాలు శనివారానికే డెట్రాయిట్‌లో పోతపోసి సిద్ధంగా ఉన్నాయి. కార్ల పందెం మాత్రం ఆదివారం.

దక్షిణ కరోలినాలోని కాటాబా మైదానంలో గెలిస్తే, కార్వెల్ కంపెనీ కొత్త కారు ఆ పేరుతోనే అమ్మకానికి వస్తుంది. గెలవకపోతే పందేల ఖర్చు దండగని కంపెనీ చేతులు దులుపుకుంటుంది, హోబర్ట్ సిమ్స్ షెడ్డుకి తాళం పడుతుంది. కారును సిద్ధం చేసినవాడు హోబర్ట్. నడిపేవాడు వర్లిన్ టాకెట్, హోబర్ట్ అక్క లెటీ మొగుడు.

ఇంజను మీద హోబర్ట్‌కి బెంగ లేదు. బెంగంతా టైర్ల మీదే. అక్కడ మలుపులు ఇంటి కప్పులా వాలి ఉంటాయి. తిరిగినప్పుడల్లా బరువంతా కుడివైపు ముందు చక్రం మీద పడి, రబ్బరు కాగి పెచ్చులూడిపోతోంది. శుక్రవారం ఒకడు గోడకు కొట్టుకుని ఆసుపత్రి పాలయ్యాడు. దాంతో అందరూ భయపడి కింద దారినే పట్టుకున్నారు. గోడను రాసుకుంటూ పోయే పై దారిని అక్కడివాళ్లు హైలైన్ అంటారు. అక్కడ వేగం ఎక్కువ, టైరుకి ఆయుష్షు తక్కువ.

ఆదివారం పందెం చివరికొచ్చేసరికి వర్లిన్ అందరికంటే ముందున్నాడు. కంపెనీ తరఫున వచ్చిన ఆస్ట్రాండర్ ఆ ఎండలోనూ టై విప్పకుండా హోబర్ట్ పక్కనే నిలబడి, గెలుపు చేతికొచ్చేసినట్టే నవ్వుతున్నాడు. కారు ఎదురుగా దూసుకుపోయింది. కుడి చక్రం పైన తెల్లరంగు మీద నల్లటి చారలు కనిపించాయి. టైరు పొరలు లేచి రేకుకి తగులుతున్నాయి.

హోబర్ట్ సుద్దముక్క తీసుకుని పలక మీద టైరు మార్చడానికి లోపలికి రమ్మని రాశాడు.

ముందున్నవాణ్ని పిలవడమేమిటని ఆస్ట్రాండర్ మండిపడ్డాడు. మిగిలిన పది చుట్లు ఆగలేవా అన్నాడు.

“నేను ఆగుతాను సార్. టైరు ఆగదు.”

“నీ షెడ్డు సంగతి ఆలోచించుకో.”

ఆలోచించాడు. ఆలోచిస్తూనే పలక పైకెత్తాడు. వర్లిన్ కిటికీలోంచి పిడికిలి చూపించి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చేసరికి హోబర్ట్ తమ ముందున్న పొట్టి గోడ దూకి, అధికారులు అరుస్తున్నా వినకుండా, పలకతో దారి అంచునే నిలబడ్డాడు. ఈసారి కారు లోపలికొచ్చింది.

“మతి పోయిందట్రా నీకు? చేతిలోకొచ్చింది నేలపాలు చేశావు.”

“తర్వాత తిట్టు బావా, కదలకుండా కూర్చో.”

కుడివైపు చక్రాలు రెండూ మార్చారు. ఊడదీసిన ముందు చక్రాన్ని హోబర్ట్ దొర్లించి, ఆస్ట్రాండర్ బూట్ల దగ్గర ఆపాడు. రబ్బరు పోయి లోపలి నేత దారాలు తెల్లగా కనిపిస్తున్నాయి. ఆయన కోపం చప్పున చల్లారిపోయింది.

ఈలోపు వర్లిన్ ఐదో స్థానానికి పడిపోయాడు. హోబర్ట్ కిటికీలోకి వంగి, కింద అందరివీ అరిగిన టైర్లే, నీవి కొత్తవి, పై దారి ఎక్కమన్నాడు.

“ఎన్ని చుట్లకి వస్తాయి?”

“మిగిలినన్నిటికీ.”

అది అబద్ధం. హోబర్ట్ లెక్క ప్రకారం పై దారిలో ఆ టైర్లు రెండు చుట్లు ముందే పోతాయి.

మూడో మలుపులో తెల్లకారు ఒంటరిగా గోడ పక్కకి ఎక్కేసరికి జనం లేచి నిలబడ్డారు. ఒకణ్ని దాటాడు. మరో ఇద్దరిని ఒకే మలుపులో దాటాడు. హైలైన్, హైలైన్ అని మైదానమంతా ఒకటే కేక. హోబర్ట్‌కి అదేమీ వినపడలేదు. చుట్టు తిరిగొచ్చినప్పుడల్లా చక్రం మీది తెల్లరంగునే చూస్తున్నాడు. చివరి చుట్టుకి ముందు ఆ రంగు మీద మళ్లీ కొత్త చారలు పడ్డాయి. పలక చేతిలోనే ఉంది. ఎత్తలేదు.

సగం కారు తేడాతో వర్లిన్ రెండోవాడయ్యాడు.

గెలిచినవాడి ఊసు వారం తిరక్కుండానే అడుగునపడింది. దుకాణాలకొచ్చినవాళ్లంతా ఆ హైలైన్ కారు ఎప్పుడొస్తుందని అడిగారట. కంపెనీ పాత అక్షరాలు కరిగించి ‘హైలైన్’ అని కొత్తవి పోయించింది. షెడ్డు నిలిచింది.

ఆ సాయంత్రానికి మాత్రం అవేవీ తెలియవు. వర్లిన్ కారు దిగి, చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు నిమిరాడు. దారాలు వేలికి తగిలాయి.

“మిగిలినన్నిటికీ వస్తాయన్నావు.”

“వచ్చాయిగా” అన్నాడు హోబర్ట్.

అవతల నుంచి లెటీ జనాన్ని తోసుకుంటూ వస్తోంది. వర్లిన్ లేచి, ఆమెకి టైరు కనపడకుండా అడ్డం నిలబడ్డాడు.

“మీ అక్కకి చెప్పకు” అన్నాడు.